ఇంటి యంత్రాలు: ఆగి ఆగి నడిచే బొమ్మ

ఈ మధ్య మన సంఘంలోని కుటుంబాలలో ఒక కొత్త వస్తువు చేరుతున్నది. రెండు ఇటుకలు పక్కపక్కన పెట్టినంత పెట్టె. లోపల ఒకటో రెండో హార్డ్ డిస్కులు. పెళ్ళి వీడియోలు, బారసాల ఫోటోలు, పిల్లల పాటకచేరీలు, ముచ్చటపడి కొనుక్కున్న పాత సినిమాలు, అన్నీ అందులో భద్రపరుస్తారు. హాల్లో టీవీ ముందు తాతగారు ఒకటి చూస్తూ వుంటే, మేడమీద మనుమరాలు టాబ్లెట్‌లో మరొకటి చూసుకొంటూ వుంటుంది. దీనినే మీడియా సర్వర్ అంటున్నారు. దానిని నడిపే ప్రోగ్రాములలో ప్లెక్స్, ఎంబీ, జెల్లీఫిన్ అనేవి మనవాళ్ళలో యెక్కువ వాడుకలో వున్నవి. వీటిలో జెల్లీఫిన్ 2018 డిసెంబరులో ఎంబీ నుంచి వేరుపడి వచ్చినది. దానికి పైసా చెల్లించనక్కరలేదు.

ఈ పెట్టెలు పెరిగినకొద్దీ ఈ శీర్షికకు ఒకే రకం ఉత్తరాలు పెరుగుతున్నవి. బొమ్మ ఆగి ఆగి నడుస్తున్నది, యేమి చేయమంటారు అని. అప్పటికే ఇంట్లో తలా ఒక సలహా చెప్పి వుంటారు. అబ్బాయి కొత్త పెట్టె కొనాలంటాడు. అల్లుడుగారు ఇంటర్నెట్టు వేగం పెంచమంటారు. పక్కింటి వారు టీవీ పాతబడిందంటారు. మూడు సలహాలకూ ఖర్చు మనదే. నూటికి అన్ని ఇళ్ళలోనూ అవి తప్పని నేను అనను. అయితే నాడి చూడకుండా మందు వ్రాసే వైద్యుడి దగ్గరకు మనము వెళ్ళము గదా! బొమ్మ ఆగే తీరులోనే రోగం యెక్కడ వున్నదో వ్రాసి వుంటుంది. రెండు రోజులు ఆ తీరును ఓపికగా గమనించి, ఆ తరువాతే సంచీ విప్పండి. ఈ నెల చెప్పదలచినది ఇంతే. ఇక వివరంగా చూద్దాము.

వంట, వడ్డన, పంక్తి

సర్వర్ అంటే వడ్డించేవాడు అని అర్థం. కాబట్టి ఈ వ్యవహారాన్ని భోజనాల పంక్తితో పోల్చుకొంటే సులభంగా బోధపడుతుంది. పెట్టె మన వంటిల్లు. వై-ఫై గాని తీగ గాని వంటింటి నుంచి పంక్తి దాకా వున్న దారి. టీవీ విస్తరి ముందు కూర్చున్న అతిథి. భోజనం ఆగిందంటే వంటింట్లోనైనా ఆలస్యం కావాలి, దారిలోనైనా అడ్డం పడాలి, లేదా అతిథి అయినా తినలేకపోవాలి. నాలుగో చోటు లేదు.

ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటి వున్నది. టీవీలు పథ్యం మనుషుల వంటివి. అన్ని రకాల వీడియోలూ వాటికి పడవు. బొమ్మను కుదించి చిన్న ఫైలుగా చేసే పద్ధతులు అనేకం. డివిడీలలో వున్నది ఎంపెగ్-2. 2003లో వచ్చిన హెచ్.264 అనేది ఈనాడు దాదాపు ప్రతి టీవీకీ, ప్రతి ఫోనుకూ తెలిసిన పద్ధతి. 2013లో హెచ్‌ఈవీసీ, 2018లో ఏవీ1 వచ్చినవి. ఇవి ఇంకా చిన్నగా కుదిస్తవి, కాని పాత టీవీలకు తెలియవు. టీవీ తినగలిగినది పెట్టెలో వుంటే సర్వర్‌కు శ్రమ లేదు. వున్నది వున్నట్లు తీసి వడ్డిస్తుంది. తినలేనిది అయితే, అప్పటికప్పుడు దానిని విప్పి, టీవీకి తెలిసిన పద్ధతిలోకి మళ్ళీ వండి పంపాలి. దీనికి ట్రాన్స్‌కోడింగ్ అని పేరు. సెకనుకు 25 బొమ్మలు వుంటే, సెకనులో 25 బొమ్మలనూ కొత్తగా తయారుచేయాలి. చిన్న పెట్టెలోని చిన్న ప్రాసెసర్‌కు ఇది తలకు మించిన పని. వండడం ఆలస్యమైనంతసేపూ పంక్తిలో విస్తరి ఖాళీ.

మరి అప్పుడప్పుడూ చిన్న ఆలస్యాలు జరిగినా బొమ్మ నడుస్తూనే వుంటుందేమి అంటారా? మన దేవనహళ్ళి ప్రాంతంలో నీళ్ళ టాంకరు యెప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి ఇంటి కింద సంపు కట్టుకొంటాము. టాంకరు ఒక పూట ఆలస్యమైనా కుళాయి ఆగదు. టీవీ కూడా కొన్ని సెకన్ల వీడియోను ముందుగా తెచ్చి నిలవ చేసుకొంటుంది. దానిని బఫర్ అంటారు. వచ్చే నీళ్ళకంటే వాడే నీళ్ళు యెక్కువైతే యెంత సంపు అయినా యెండుతుంది. అప్పుడు తెరమీద ఆ గుండ్రని చక్రం తిరుగుతుంది.

దేవనహళ్ళి నుంచి వచ్చిన సంగతి

ఆగే తీరు చూడడంలో వున్న లాభానికి దేవనహళ్ళి నుంచి మన సభ్యురాలు ఒకామె వ్రాసిన సంగతి మంచి ఉదాహరణ. ఆమె అత్తగారికి యెనభై దాటినవి. మామగారి షష్టిపూర్తి 1994లో జరిగింది. ఆనాటి వి.హెచ్.ఎస్. కాసెట్టు ఒకటి ఇంట్లో వున్నది. అందులో మామగారు మాట్లాడతారు, హార్మనీ వాయిస్తారు. ఆయన గొంతు వినిపించే వస్తువు ఆ ఇంట్లో అదొక్కటే. కాసెట్టును దుకాణంలో ఇచ్చి ఫైలుగా మార్పించి పెట్టెలో పెట్టారు. టీవీలో వేస్తే పావు నిమిషం నడిచి ఆగుతుంది, మళ్ళీ నడుస్తుంది. మాట మధ్యలో తెగిపోతూ వుంటే చూడలేనని అత్తగారు మూడో రోజున లేచి వెళ్ళిపోయారట. అంతటితో కొడుకు కొత్త పెట్టె కొనడానికి నిశ్చయించుకొన్నాడు. ఆ డబ్బు సంక్రాంతికి అందరూ కలిసి ఊరు వెళ్ళడానికి దాచినది. కోడలికి మనస్సు ఒప్పక ఉత్తరం వ్రాసింది.

ఆ ఉత్తరంలో ఆమెకు తెలియకుండానే జవాబు కూడా వ్రాసింది. ఆడపడుచు పెళ్ళి వీడియో అదే పెట్టెలో నుంచి, అదే టీవీలో, ఒక్క కుదుపు లేకుండా నడుస్తుందట! ఆ పెళ్ళి వీడియో గంటకు సుమారు 9 గిగాబైట్లు. షష్టిపూర్తి ఫైలు గంటకు మూడు గిగాబైట్ల లోపు. దారి ఇరుకైనది అయితే ముందు ఆగవలసినది పెద్ద బండి. పెద్దది సాఫీగా వెళ్ళి, చిన్నది ఆగుతూ వుంటే, తప్పు దారిది కాదు. అంటే వై-ఫై మార్చినా ప్రయోజనం లేదు, ఇంటర్నెట్టు పెంచినా ప్రయోజనం లేదు.

ఒక పెన్‌డ్రైవులో ఆ ఫైలు నకలు వేసి నేరుగా టీవీకి తగిలించి చూడమన్నాము. నిక్షేపంగా నడిచింది. అంటే ఫైలు చెడిపోలేదు, టీవీకీ జబ్బు లేదు. ఇక సర్వర్‌లోని డాష్‌బోర్డు తెరిచి, సినిమా నడుస్తూ వుండగా చూడమన్నాము. జెల్లీఫిన్‌లో ఆ పుటలో, ఇప్పుడు యెవరు యేమి చూస్తున్నారో, వున్నది వున్నట్లు వడ్డిస్తున్నదో, మళ్ళీ వండుతున్నదో, మళ్ళీ వండితే యెందుకు వండుతున్నదో వ్రాసి వుంటుంది. పెళ్ళి వీడియో హెచ్.264 కనుక డైరెక్ట్ ప్లే అని వచ్చింది. షష్టిపూర్తి ఫైలు ఎంపెగ్-2 కనుక ట్రాన్స్‌కోడింగ్ అని వచ్చింది. టీవీ ఎంపెగ్-2 తినగలదు గాని, టీవీలో వేసుకొన్న జెల్లీఫిన్ అప్లికేషన్ తినలేదు. పెన్‌డ్రైవులో నడిచి సర్వర్ నుంచి నడవకపోవడానికి కారణం అదే. పైగా కాసెట్టు కాలపు బొమ్మలు సెకనుకు 25 అయినా, ఒక్కొక్కటీ సరి గీతలు ఒక సగం, బేసి గీతలు ఒక సగంగా రెండు భాగాలై వుంటవి. ఆ సగాలను అతికే పని కూడా పాపం ఆ చిన్న ప్రాసెసర్ మీదనే పడింది.

మందు యేమిటి? రోజూ అతిథి వచ్చినప్పుడల్లా మళ్ళీ వండే బదులు, ఒకనాటి రాత్రి తీరికగా వండి పెట్టుకోవడమే. హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రాము వున్నది. అదీ ఉచితమే. ఇంట్లో పిల్లల లాప్‌టాప్‌లో అది వేసి, ఫైలును ఇచ్చి, ఎంపీ4, హెచ్.264, శబ్దానికి ఏఏసీ అని యెంచుకొని, సగాలను అతికే డీఇంటర్‌లేస్ అనే మీట వేసి, పడుకోవాలి. తెల్లవారేసరికి కొత్త ఫైలు సిద్ధం. దానిని పెట్టెలో పెడితే టీవీకి నేరుగా వెళ్తుంది. ఆ ఇంట్లో అట్లాగే చేశారు. అత్తగారు షష్టిపూర్తి మొదటినుంచి చివరిదాకా చూశారని, కొత్త పెట్టె మాట పోయి, సంక్రాంతి ప్రయాణం నిలిచిందని ఆమె తరువాత వ్రాసింది. ఒకటి మాత్రం మరచిపోవద్దు. కొత్త ఫైలు వచ్చిందని పాతదానిని చెరిపివేయవద్దు. మళ్ళీ కుదించినప్పుడల్లా బొమ్మలో కొంత వివరం పోతుంది. మొదటిది మొదటిదే.

తీరును బట్టి కారణం

అన్ని ఇళ్ళలో జబ్బు ఒకటే కాదు. కాబట్టి ఒక కాగితం తీసుకొని, యే ఫైలు, యే నిమిషంలో, యే వేళకు, యే గదిలో ఆగిందో రెండు రోజులు వ్రాయండి. ఆ కాగితం చూసి ఈ కింది విధంగా నిర్ణయించుకోవచ్చును.

కొన్ని ఫైళ్ళు యెప్పుడూ ఆగుతవి, కొన్ని యెన్నడూ ఆగవు అంటే, పైన చెప్పిన పథ్యం సంగతి. డాష్‌బోర్డు చూడండి. ఇందులోనే ఇంకొక మోసం వున్నది. బెంగుళూరులో పుట్టిన మన పిల్లలకు తెలుగు మాటలు కొన్ని అందక, కింద అక్షరాలు వేసుకొని చూస్తారు. డిస్కుల నుంచి తీసిన సబ్‌టైటిల్స్ కొన్ని అక్షరాలుగా కాక చిన్న చిన్న బొమ్మలుగా వుంటవి. వాటిని టీవీ అప్లికేషన్ చూపలేకపోతే, సర్వర్ ఆ అక్షరాలను వీడియో మీదనే అచ్చుకొట్టి పంపాలి. అంటే హాయిగా నేరుగా వెళ్ళవలసిన సినిమా మొత్తం మళ్ళీ వండవలసి వస్తుంది. అక్షరాలు తీసివేసి చూడండి. బొమ్మ సాఫీగా నడిస్తే దొంగ దొరికినట్లే. ఎస్‌ఆర్‌టీ అనే మామూలు అక్షరాల ఫైలు పక్కన పెట్టుకొంటే ఈ బాధ సాధారణంగా వుండదు.

ఏ ఫైలైనా సరే, సాయంకాలం ఆగుతుంది, మధ్యాహ్నం ఆగదు. హాల్లో నడుస్తుంది, పడకగదిలో ఆగుతుంది అంటే, జబ్బు దారిది. దీనిని గురించి వేరుగా చెబుతాను.

మొదటి అరగంట బాగా నడిచి తరువాత ఆగడం మొదలైతే పెట్టెను చేత్తో తాకి చూడండి. గాలి ఆడని బీరువాలోనో, సెట్‌టాప్ బాక్సు మీదనో పెట్టి వుంటారు. వేడి యెక్కితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకొంటుంది. నాలుగు అంగుళాల జాగా వదిలి, గాలి తగిలేచోట పెట్టి, వెనక దుమ్ము తుడిస్తే చాలు. వేయగానే పది సెకన్లు ఆలోచించి, ఆ తరువాత హాయిగా నడిస్తే అది జబ్బే కాదు. డిస్కు నిద్రపోయి లేచింది, అంతే.

చక్రం తిరగదు, మాట తెగదు, కాని బొమ్మ సన్నగా కుదుపుతూ వుంటుంది. గుడి గోపురం మీద కెమెరా మెల్లగా పక్కకు జరిగేటప్పుడు బాగా కనబడుతుంది. దీనికి సర్వరూ కారణం కాదు, దారీ కారణం కాదు. సినిమా సెకనుకు 24 బొమ్మలు. మన పాత వీడియోలు 25. తెర సెకనుకు 60 సార్లు వెలుగుతుంది. 24ను 60లో సర్దడానికి ఒక బొమ్మను రెండుసార్లు, తరువాతి బొమ్మను మూడుసార్లు చూపాలి. కుంటి నడక ఆ విధంగా వస్తుంది. టీవీలోగాని, టీవీకి తగిలించిన చిన్న పెట్టెలోగాని తెర వేగాన్ని వీడియోకు సరిపెట్టే అమరిక వున్నదేమో వెతకండి. ఫ్రేమ్ రేట్ మ్యాచింగ్ అనో, అటువంటి పేరుతోనో వుంటుంది. దానిని వేస్తే సరి.

ఇక చివరి తీరు అన్నింటికంటే ముఖ్యమైనది. ఒక ఫైలు ప్రతిసారీ సరిగా ఒకే చోట ఆగుతుంది, 12వ నిమిషంలో అనుకోండి, యే టీవీలో వేసినా అక్కడే ఆగుతుంది. అప్పుడు ఫైలు అక్కడ చెడి అయినా వుండాలి, డిస్కు అక్కడ చదవలేకపోతూ అయినా వుండాలి. డిస్కు దగ్గర చెవి పెడితే టిక్కు టిక్కుమని వినిపిస్తే ఇక ఆలోచించవద్దు. సినిమా ఆపివేయండి. మరమ్మతులు, పరీక్షలు తరువాత. ముందు మళ్ళీ దొరకని వాటిని, అనగా మీ ఇంటి వీడియోలను, ఫోటోలను, వేరొక డిస్కులోకి నకలు తీయండి. కొనగలిగిన సినిమాలు ఆఖరున. డిస్కులు తమ ఆరోగ్యాన్ని తామే స్మార్ట్ అనే పట్టికలో వ్రాసుకొంటవి. పెట్టె అమరికలలో ఆ పట్టిక కనబడుతుంది. చదవలేని భాగాల లెక్క అందులో పెరుగుతూ వుంటే డిస్కు మార్చవలసిన కాలం వచ్చినదన్నమాట. ఈ ఒక్క తీరులో మాత్రం ఖర్చుకు వెనుదీయవద్దు.

దారి సంగతి

ముందు ఒక అపోహ తీర్చుకొందాము. ఇంట్లోని పెట్టె నుంచి ఇంట్లోని టీవీకి వెళ్ళే బొమ్మ బయటి ఇంటర్నెట్టు మీదుగా వెళ్ళదు. మన వంటింటి నుంచి మన పంక్తికి వచ్చే పప్పు వీధి చివరిదాకా వెళ్ళి వస్తుందా? కాబట్టి నెలసరి చందా పెంచి వేగం కొన్నంత మాత్రాన ఈ జబ్బు కుదరదు. నమ్మకం లేకపోతే జెల్లీఫిన్‌లో సినిమా నడుస్తూ వుండగా, బయటి నుంచి రౌటర్‌కు వచ్చే తీగను మాత్రం ఊడదీసి చూడండి. సినిమా నడుస్తూనే వుంటుంది. మెల్‌బోర్నులోనో డాలస్‌లోనో వున్న కూతురు ఇక్కడి పెట్టెలో నుంచి చూస్తూ వుంటే మాత్రం సంగతి వేరు. అప్పుడు మన ఇంటి నుంచి బయటికి పంపే వేగం, అనగా అప్‌లోడు, చాలాలి. ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేసేది తరచు లోపలికి వచ్చే వేగం. బయటికి పోయే వేగం యెంతో అడిగి తెలుసుకోవలెను.

దారికి యెంత వెడల్పు కావాలి? డివిడీ బొమ్మకు సెకనుకు 10 మెగాబిట్లు మించదు. బ్లూరే డిస్కులో బొమ్మకు గరిష్ఠం 40. 4కె బ్లూరే అయితే గరిష్ఠం 128. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక, 100 మెగాబిట్లు అంటే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లే. చాలా టీవీలలో తీగ పెట్టే రంధ్రం 100 మెగాబిట్లకు మించి పంపదు. మామూలు ఇళ్ళకు అది ధారాళంగా చాలుతుంది. 4కె డిస్కును వున్నది వున్నట్లు దించుకొన్నవారికే అక్కడక్కడ చాలదు.

వై-ఫైలో మాత్రం పెట్టె మీద వ్రాసిన వేగానికీ, గదిలో అందే వేగానికీ హస్తిమశకాంతరం వుంటుంది. 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగాలు గోడలు దాటి దూరం పోతవి. అయితే ఆ బాటలో ఒకదానికొకటి తగలని వరుసలు మూడే, 1, 6, 11. విమానాశ్రయం రోడ్డు వెంబడి లేచిన అపార్టుమెంట్లలో ముప్పై, నలభై ఇళ్ళ వై-ఫైలు ఆ మూడు వరుసలలోనే తోసుకొంటూ వుంటవి. సాయంకాలం అందరూ ఇళ్ళకు చేరగానే బొమ్మ ఆగడానికి కారణం ఇదే. వంటింట్లో మైక్రోవేవ్ పొయ్యి కూడా 2.45 గిగాహెర్ట్‌జ్ దగ్గరనే పనిచేస్తుంది. పులుసు వేడిచేసినప్పుడల్లా బొమ్మ ఆగుతూ వుంటే ఆశ్చర్యపోవద్దు! 5 గిగాహెర్ట్‌జ్ బాట వెడల్పయినది, కాని గోడలు అంత బాగా దాటలేదు. కోటవైపు పాత ఇళ్ళ రాతిగోడల సంగతి చెప్పనే అక్కరలేదు. అటువంటి ఇంట్లో రౌటర్ వున్న గదిలో కూర్చున్నవారికే దాని సుఖం.

దేవనహళ్ళి సభ్యులు ఇద్దరు ముగ్గురు విమానాశ్రయాన్ని అనుమానిస్తూ వ్రాశారు. 2008లో విమానాశ్రయం తెరిచి, 2013లో దానికి కెంపేగౌడ గారి పేరు పెట్టారు. విమానం తలమీదుగా పోయినప్పుడల్లా బొమ్మ ఆగుతున్నదని వారి ఫిర్యాదు. విమానాల రాకపోకలను చూసే రాడార్లు సాధారణంగా 2.7 నుంచి 2.9 గిగాహెర్ట్‌జ్ మధ్య, విమానం ముక్కులోని వాతావరణ రాడారు సాధారణంగా 9 గిగాహెర్ట్‌జ్ దగ్గర పనిచేస్తవి. రెండూ మన వై-ఫై బాటలు కావు. విమానం చప్పుడు మనకు వినబడుతుంది గాని, వై-ఫైకి వినబడదు. అయితే 5 గిగాహెర్ట్‌జ్ బాటలో నడుమనున్న 52 నుంచి 64 వరకు, 100 నుంచి 144 వరకు వరుసలు కొన్ని రాడార్లకూ పొత్తు. 5.6 గిగాహెర్ట్‌జ్ దగ్గర నడిచే వాతావరణ రాడార్లు అటువంటివి. ఆ వరుసలలో నడిచే రౌటర్లకు ఒక నియమం వున్నది. రాడారు జాడ తోచగానే వరుస ఖాళీచేసి వేరొకచోటికి పోవాలి. అటువంటి కొత్త వరుసలోకే వెళ్తే కనీసం ఒక నిమిషం చెవి వొగ్గి విని, ఆ తరువాతే మాట్లాడాలి. ఒక్కొక్కప్పుడు రౌటర్ లేని రాడారును వున్నదని కూడా భ్రమపడుతుంది. కాబట్టి తగువు అక్కరలేదు. రౌటర్ అమరికలలో 36, 40, 44, 48 వరుసలలో ఒకటి యెంచుకొని వారం చూడండి. ఆగడం పోతే సరే. పోకపోతే విమానాశ్రయం నిర్దోషి అని వదిలివేయండి.

అన్నిటికంటే చవకైన ఉపాయం చివరకు చెబుతున్నాను. పెట్టె వై-ఫైలో, టీవీ వై-ఫైలో వుంటే, ప్రతి బొమ్మ గాలిలో రెండుసార్లు ప్రయాణం చేస్తుంది, పెట్టె నుంచి రౌటర్‌కు ఒకసారి, రౌటర్ నుంచి టీవీకి మరొకసారి. ఒకే బాట కనుక వేగం సగమవుతుంది. పెట్టెను రౌటర్ పక్కకు చేర్చి ఒక గజం తీగతో కలిపితే సగం ప్రయాణం తప్పుతుంది. టీవీకి కూడా తీగ లాగగలిగితే ఇక వై-ఫై చింతే లేదు. ఈథర్‌నెట్ తీగ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. మన ఇళ్ళు అంత పెద్దవి కావు గదా! కొత్తగా ఇల్లు కట్టుకొనేవారు కరెంటు గొట్టాలతో పాటు, వాటికి కొంచెం యెడంగా, హాలుకూ పడకగదికీ ఒక ఖాళీ గొట్టం వేయించి పెట్టుకొంటే, తరువాత గోడలు పగలగొట్టే పని వుండదు.

ఒక్కొక్కటే మార్చండి

పరీక్ష చేసేటప్పుడు ఒక నియమం పాటించండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. వరుస మార్చి, తీగ మార్చి, పెట్టె మార్చి, అన్నీ ఒకే సాయంకాలం చేస్తే, జబ్బు కుదిరినా యే మందు పనిచేసిందో తెలియదు. మళ్ళీ వచ్చిన రోజున మొదటికి రావాలి. మొదట పెన్‌డ్రైవు పరీక్ష, తరువాత డాష్‌బోర్డు చూడడం, తరువాత తీగతో కలపడం. ఈ మూడింటితో చాలా ఇళ్ళలో కారణం దొరుకుతుంది.

ఇవన్నీ చేసి, నిజంగా మళ్ళీ వండవలసిన అవసరమే ఇంట్లో యెక్కువగా వున్నదని తేలితే, అప్పుడు కొత్త పెట్టె కొనడం తప్పు కాదు. అప్పుడు కూడా డిస్కు యెంత పెద్దదని అడగడంతో ఆగవద్దు. హెచ్.264, హెచ్‌ఈవీసీ వీడియోలను విప్పి వండే పనిని చేసే ప్రత్యేక భాగం ప్రాసెసర్‌లో వున్నదా, మీరు వాడే ప్రోగ్రాము దానిని ఉపయోగించుకోగలదా అని అడగండి. జవాబు చెప్పలేని దుకాణంలో కొనవద్దు.

కాసెట్లు ఇంకా బీరువాలో వున్నవారికి ఒక మాట. 1980లలో, 90లలో మన ఇళ్ళలో జరిగిన పెళ్ళిళ్ళు, ఉపనయనాలు యెన్నో వి.హెచ్.ఎస్. పట్టీల మీద వున్నవి. ఆ పట్టీ మీది అయస్కాంతపు పూత యేడాదికేడాది బలహీనపడుతుంది. తేమకు బూజు పడుతుంది. వాటిని నడిపే యంత్రాల తయారీ జపాను కంపెనీ ఫునై 2016 జూలైలో ఆపివేసింది. చివరిదాకా తయారుచేసినది ఆ కంపెనీయే. ఇప్పుడు దొరికేవన్నీ పాత యంత్రాలే. కనుక మార్పించదలచినవారు వచ్చే యేటికి వాయిదా వేయవద్దు. మార్పించేటప్పుడు దుకాణదారుని ఫైలు యే పద్ధతిలో ఇస్తాడో ముందే అడగండి. ఎంపీ4, హెచ్.264లో ఒక నకలు, అతని దగ్గర వున్నంతలో మేలైన నకలు ఒకటి, రెండూ ఇమ్మనండి. మొదటిది చూడడానికి, రెండవది దాచడానికి.

దాచడంలో కూడా పద్ధతి వున్నది. మూడు నకళ్ళు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి ఇల్లు దాటి వేరొకచోట. పెట్టెలో ఒకటి, విడి డిస్కులో ఒకటి, ఊళ్ళో అన్నగారి ఇంట్లోనో ఇంటర్నెట్టు నిలవలోనో ఒకటి. పెట్టెలో రెండు డిస్కులు వున్నవి గదా అని ధీమాగా వుండవద్దు. ఒకే పిడుగు రెండింటినీ కాల్చగలదు, ఒకే పొరపాటు రెండింటిలోనూ చెరిపివేయగలదు.

బొమ్మ ఆగినప్పుడు ఉత్తరం వ్రాసే సభ్యులు, యే ఫైలు, యే నిమిషం, యే వేళ, యే గది అనే ఆ నాలుగు సంగతులు వ్రాసిన కాగితం కూడా జతచేస్తే జవాబు ఇవ్వడం సులభమవుతుంది. నా అనుభవంలో చాలామందికి ఆ కాగితం పూర్తి అయ్యేసరికే కారణం తెలిసిపోతుంది, ఉత్తరం అవసరమే వుండదు. అట్లా తెలుసుకొన్నవారు కూడా నాలుగు వాక్యాలు వ్రాయండి. తోటి సభ్యులకు పనికివస్తుంది.